చిలకపచ్చ నీళ్ళు

సోమవారం పొద్దున పాత క్వారీ గుంటలో పోసిన చిలకపచ్చ రంగు గురువారం వచ్చినా ఏ బావిలోనూ తేలలేదు.

నాపరాళ్ళపాడులో ఇప్పుడు ఎక్కడ విన్నా అదే మాట. నందిగామ భూజల సర్వే ఆఫీసు నుంచి వచ్చిన జియాలజిస్టమ్మ పందెం ఓడిపోయిందట!

వ్యవహారం పందెం దాకా ఎందుకు వచ్చిందంటే, జగ్గయ్యపేట దగ్గర్లోని ఆ ఊరి పొలాల మధ్య ఎప్పుడో నాపరాయి తీసుకుని వదిలేసిన పెద్ద గుంట ఒకటుంది. బట్టల మిల్లులకి రంగులు తయారుచేసే వరప్రసాదరావు హైవే పక్కన చిన్న ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. దాన్ని పెద్దది చెయ్యాలనుకున్నాడు. రంగులు చేశాక మిగిలే మురుగునీళ్ళు నిలవ చేసుకోవడానికి ఆ గుంట కావాలన్నాడు. గుంటలో పోసింది భూమిలోకి దిగి జనం తాగే నీళ్ళలో కలుస్తుందో లేదో తేల్చమని ప్రభుత్వం వసుమతిని పంపింది. ఆమె ఎండాకాలమంతా ఆ పొలాల్లో తిరిగింది. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, పైన మట్టి ఎంత మందం, కింద రాయి ఎలాంటిది, నేల ఎటు వాలుగా ఉంది, వాన నీరు ఎంత ఇంకుతుంది అని ప్రతి చోటా చూసి, ఒక్కోదానికి మార్కులు వేసి, అన్నీ కలిపి పటం గీసింది. భయం లేని చోట నీలం, జాగ్రత్త పడాల్సిన చోట పసుపు, మురుగు చుక్క కూడా పడకూడని చోట ఎరుపు. గుంట చుట్టూ అంతా ఎర్రగా వచ్చింది.

ఆ ఎరుపుని పసుపు చెయ్యమన్నాడు పై అధికారి కుటుంబరావు. చెయ్యనంది వసుమతి. మాటా మాటా పెరిగి పంచాయతీలో పడింది. గుంటలో రంగు పోసి చూద్దాం, గురువారం మీటింగు నాటికి పల్లంలో ఉన్న బసవమ్మగారి బావిలో ఆ రంగు తేలకపోతే నా చేత్తోనే ఎరుపు తుడిచేస్తా అని నలుగురిలో మాట ఇచ్చేసింది.

ఆ గురువారం వచ్చింది.

* * *

వసుమతి బావి గట్టు మీద మోకాళ్ళూని లోపలికి వంగింది. అడుగున రాతి పలకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. నీళ్ళు అంత తేటగా ఉన్నాయి. చేద వేసి తోడి, గాజు గ్లాసులో పోసి ఎండకి ఎత్తి పట్టుకుంది. పచ్చదనం జాడ కూడా లేదు.

"ఏం తల్లీ, ఏమన్నా కనపడిందా?" అంది వెనక నుంచి బసవమ్మ.

"లేదండి."

బసవమ్మ కొంగు నడుముకి దోపుకుని వచ్చి పక్కన నిలబడింది. మొగుడు పోయాక ఇన్నేళ్ళూ మిరపా పత్తీ పండించి, మనుషుల్నీ మోటార్లనీ ఒక్క కేకతో నడిపించిన మనిషి. ఆ గుంట కూడా ఆవిడదే. ఫ్యాక్టరీకి ఇమ్మని వరప్రసాదరావు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగినా, జియాలజిస్టమ్మ ఏ సంగతో తేల్చేదాకా ఇవ్వనని పంపేసింది.

"నా బావి నీళ్ళు బాగున్నందుకు సంతోషించాలో, నువ్వు మాట పడబోతున్నందుకు బాధపడాలో తెలీడం లేదమ్మాయ్," అంది. "పోనీ, ఇంకో వారం గడువడగరాదూ?"

"వారం అడిగితే ఇస్తారా?"

"ఇవ్వరులే."

వసుమతి గ్లాసులో నీళ్ళు మిరప మొక్కల మొదట్లో పారబోసింది. ఆమెను వేధిస్తున్నది పందెం కాదు. పొద్దున్నే గుంట దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. సోమవారం చిలకపచ్చగా మెరిసిన నీళ్ళు ఇవాళ మామూలు నీళ్ళయిపోయాయి. నీటిమట్టం కూడా దిగింది. వాన లేదు, పైన కాలవ లేదు, ఎవరూ తోడలేదు. రంగంతా ఎటో వెళ్ళిపోయింది. నేల తూర్పుకి, పాలేరు వైపు వాలుగా ఉంది కాబట్టి తూర్పున ఉన్న బావులన్నిటికీ కాపలా పెట్టింది. వాటిలో దేన్లోనూ రాలేదు.

అంత రంగు మాయమవదు. ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఆ చోటు తనకి తెలియదు. తెలియకుండానే ఇప్పుడు వెళ్ళి జనం ముందు నిలబడాలి.

"పదండి బసవమ్మగారూ, టైమవుతోంది," అంది.

* * *

బడి వరండాలో బల్లలు వేసి మీటింగు పెట్టారు. పిల్లలకి సెలవిచ్చారు. ఆవరణంతా జనం నిండిపోయారు. సర్పంచి దశరథరామయ్య మధ్య కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్నాడు. ఫ్యాక్టరీ వస్తే ఊళ్ళో కుర్రాళ్ళకి పనులు దొరుకుతాయని ఆశ, వసుమతి చెప్పింది నిజమైతే ఏం గతి అని భయం. రెండిటి మధ్యా ఆయన నలిగిపోతున్నాడు.

వరప్రసాదరావు తెల్లటి సఫారీలో వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. చేతులు జోడించకుండా ఎవరితోనూ మాట మొదలుపెట్టడు. కుటుంబరావు ఆయన పక్క కుర్చీలో కూర్చోవడం చూసి వసుమతికి మనసు చివుక్కుమంది. రాతి పొరల్ని చదవడం తనకి నేర్పింది కుటుంబరావే. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఆయనకి ప్రతిదీ భయమే అయింది.

బల్ల మీద పటం పరిచారు. దాని మీద రబ్బరు, పసుపు రంగు పెన్సిలు పెట్టాడు కుటుంబరావు.

"కానీ వసుమతీ. నలుగురూ చూసారు, బావిలో ఏం రాలేదు. మార్చేస్తే అయిపోతుంది. నీ మీద ఎవరికీ కోపం లేదు," అన్నాడు నెమ్మదిగా.

వరప్రసాదరావు నవ్వాడు. "మేడంగారు చదువుకున్నవారు. అన్నమాట మీద నిలబడతారని మాకు నమ్మకం ఉందండి."

వసుమతి పెన్సిలు చేతిలోకి తీసుకుంది. జనం మెడలు చాచి చూసారు. ఆమె దాన్ని కుటుంబరావు ముందుకు జరిపింది.

"ఓడిపోయా సార్. ఒప్పుకుంటున్నా. బసవమ్మగారి బావిలో రంగు తేల్తుందన్నా, తేల్లేదు. అయినా పటం మార్చను."

ఆవరణలో ఒక్కసారిగా గోల లేచింది. దశరథరామయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"అదేంటమ్మా! నలుగురిలో మాటిచ్చావు గదా," అన్నాడు.

"ఇచ్చానండి. ఇప్పుడు తప్పుతున్నా. దానికి నన్ను ఎన్ని మాటలన్నా పడతా. కానీ అసలా మాట ఇవ్వడమే నా తప్పు. కింద నీళ్ళు ఎటు పోతాయో అవి నా పందేన్ని బట్టి పోవు గదండీ. ఒక బావిలో రాలేదంటే ఆ బావిలో రాలేదనే అర్థం. ఎక్కడా రాదని కాదు."

"మరి ఎక్కడొచ్చిందో చెప్పండి," అన్నాడు వరప్రసాదరావు.

"తెలీదండి."

ఈసారి నవ్వులు గట్టిగానే వినపడ్డాయి. వసుమతి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"తెలీదనే చెప్తున్నా. సోమవారం పోసిన రంగు గుంటలో లేదు. మీరంతా ఇప్పుడే వెళ్ళి చూడొచ్చు. పైనుంచి బయటికి పోయే దారి లేదు. అంటే అడుగు నుంచే పోయింది. మూడ్రోజుల్లో పోయింది! ఆ నీళ్ళు ఎటు వెళ్ళాయో తెలీదు గానీ భూమిలోకి వెళ్ళాయని మాత్రం తెలుసు. రేపు వీరి మురుగు కూడా అలాగే వెళ్తుంది. అది ఎవరింటి నీళ్ళలో తేల్తుందో తెలీకుండా పసుపు రంగు ఎలా వెయ్యమంటారు?"

"మేడంగారూ, ఇది నల్లరేగడి నేల," అన్నాడు వరప్రసాదరావు ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "వానొస్తే మడుల్లో నీళ్ళు అలాగే నిలబడతాయి. ఈ రైతులందరికీ తెలిసిన సంగతి. మద్రాసు నుంచి మా ఇంజనీరు కూడా వచ్చి చూసాడు. ఈ మట్టి నీటిని దిగనివ్వదన్నాడు."

"మట్టి దిగనివ్వదండి. నిజమే. మరి గుంటలో మట్టెక్కడుంది? మట్టంతా వలిచి పారేసాకే గదా కింద రాయి తీసారు! ఒంటి మీద చర్మం ఊడిపోయిన చోట మీరు మురుగు పోస్తామంటున్నారు. దాని కింద ఉన్నది సున్నపురాయి. ఎన్నో వేల ఏళ్ళ నుంచి వాన నీళ్ళు దాన్ని కరిగించి సందులు చేసుకున్నాయి. ఆ సందుల్లో నీళ్ళు ఇసకలో ఇంకినట్టు మెల్లగా ఇంకవు. తూములో పడ్డట్టు పోతాయి. దార్లో వడకట్టే మట్టి లేదు, ఇసక లేదు. ఇక్కడ పోసింది పోసినట్టే అక్కడ తేల్తుంది."

జనంలో నవ్వులు తగ్గాయి. కుటుంబరావు తల దించుకున్నాడు. ఆయనకి ఇదంతా తెలుసు.

వరప్రసాదరావు బసవమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మగారూ, గుంట మీది. మీ బావికే ఏం కానప్పుడు మీకింకా అనుమానం దేనికండి? మీ అబ్బాయి భవానీప్రసాద్ ఎప్పుడో ఒప్పుకున్నాడు."

"ఆడు ఒప్పుకుంటే అయిపోద్దా?" అంది బసవమ్మ. "నేనింకా బతికే ఉన్నాగా బాబూ. పట్టా నా పేర ఉంది. ఏడీ, భవానీగాడు ఇందాక ఇక్కడే ఉండాలే?"

ఆమె చుట్టూ చూసింది. కొడుకు కనపడలేదు. వాకిట్లో కుర్రాళ్ళెవరో, ట్రాక్టరు పనుందని వెళ్ళాడన్నారు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర జనం పక్కకి తప్పుకున్నారు.

* * *

వచ్చింది ప్రేమకుమారి. ఊరికి పడమట, మిట్ట మీద ఉన్న కొత్తపేటలో బాలవాడి టీచరు. చంకలో స్టీలు బిందె ఉంది. వెనకాల పేట ఆడవాళ్ళు, మగవాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. ఆమె నేరుగా వరండా ఎక్కి, బిందె బల్ల మీద, పటం మధ్యలో పెట్టింది. నీళ్ళు తొణికి ఎర్రరంగు మీద పడ్డాయి.

"ఇది ఏంటో ఎవరన్నా చెప్పండి," అంది.

వసుమతి బిందెలోకి తొంగిచూసింది.

చిలకపచ్చ!

అనుమానం లేదు. వరండాలోకి పడుతున్న ఎండలో ఆ నీళ్ళు లోపల దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి.

"ఎక్కడివి ఇవి?"

"మా బోరింగువి. పొద్దున్నుంచీ ఇలాగే వస్తున్నాయి. పిల్లలు భయపడి ఏడుస్తున్నారు."

"కొత్తపేట బోరింగా? అది మిట్ట మీద గదా!" అన్నాడు దశరథరామయ్య కుర్చీలోంచి లేచి. "గుంట పల్లంలో ఉంటే నీళ్ళు మిట్టకెలా ఎక్కుతయ్?"

వసుమతి కళ్ళు మూసుకుని గుంట గోడల్ని గుర్తు తెచ్చుకుంది. పలకలు పలకలుగా పేర్చినట్టున్న నాపరాతి పొరలు. అవి ఎటు వంగి ఉన్నాయి? పడమటికి. నేల వాలు తూర్పుకి, కింద రాతి పొరల వాలు పడమటికి. నీళ్ళు మిట్ట ఎక్కలేదు. పొరల సందుల వెంట పడమటికి, లోతుకి జారాయి. బావులు అంత లోతుకి అందవు. పేట వాళ్ళ బోరింగు గొట్టం మాత్రం మిట్ట మీంచి ఆ పొరల దాకా దిగింది. పటానికి మార్కులు వేసినప్పుడు తను పైన నేల వాలునే చూసింది. కింద పొరల వాలు చూడలేదు. ఎరుపు నిజమే, కానీ ఆ ఎరుపు పడమట కొత్తపేట దాకా పాకి ఉండాల్సింది.

ఆమె ఆ మాట పైకి అనేలోపే వరప్రసాదరావు లేచాడు. మొదటిసారి గొంతు పెంచాడు.

"చూసారా! మేం ఫ్యాక్టరీ ఇంకా పెంచనే లేదు. మా చుక్క ఒక్కటీ గుంటలో పడలేదు. ఈ మేడంగారే మందు తెచ్చి పోసారు. పాపం, పేటవాళ్ళ పిల్లలు తాగే నీళ్ళు పాడుచేసారు. ఇప్పుడు చెప్పండి, విషం కలిపింది నేనా, ఈవిడా?"

పేట జనంలో కలకలం రేగింది. ఒక ముసలాయన ముందుకొచ్చి, "మమ్మల్ని ఒక్కమాట అడిగారా అమ్మా? ఊళ్ళో బావులన్నిటికీ కాపలా పెట్టారు. మా బోరింగు మీకు కనపడలేదా?" అన్నాడు.

ఆ ప్రశ్న వసుమతికి సూటిగా తగిలింది. నిజమే. పల్లంలో బావులున్న రైతులందరి ఇళ్ళకీ వెళ్ళి ముందే చెప్పింది. కొత్తపేట మిట్ట మీద ఉందని అటు తొంగిచూడలేదు.

"తప్పు నాదే తాతా," అంది. "మీకు చెప్పి పొయ్యాల్సింది. మీ బోరింగు దాకా వస్తుందని అనుకోలేదు. అనుకోకపోవడం నా తప్పు. కానీ ఇది విషం కాదు. కంటి డాక్టర్లు దెబ్బ తగిలిన కంట్లో వేసి చూసే రంగు ఇది. దీంతో ఎవరికీ ఏమీ కాదు."

"అయితే తాగండి," అన్నాడు వరప్రసాదరావు.

పేటవాళ్ళంతా వరండా దగ్గరికి జరిగారు.

"సార్, మీరు ఊరుకోండి," అన్నాడు కుటుంబరావు కంగారుగా. "వసుమతీ, వద్దు."

వసుమతి సంచిలోంచి గాజు గ్లాసు తీసి బిందెలో ముంచింది. పచ్చగా మెరుస్తున్న నీళ్ళు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. తర్వాత ఆపకుండా సగం తాగింది.

తాగి, ఆగిపోయింది.

ఆమె మొహం చూసి బసవమ్మ ఒక్క అంగలో దగ్గరికొచ్చింది. "ఏమైంది తల్లీ?"

వసుమతి నాలిక మీద చేదు. చేదు కూడా కాదు, పురుగుమందు డబ్బా మూత తీసినప్పుడు గొంతులో పట్టుకునే ఘాటు లాంటిది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఈ రంగుకి రుచి ఉండదు," అంది నెమ్మదిగా. "ఇంత పల్చగా కలిసాక అసలే ఉండదు. వాసనా ఉండదు. కుమారిగారూ, ఈ నీళ్ళు చేదుగా ఉన్నాయి."

ప్రేమకుమారి ఆమెను వింతగా చూసింది.

"చేదు ఇవాళ వచ్చింది కాదు మేడం," అంది. "నాట్లప్పటి నుంచీ అలాగే ఉంటున్నాయి. పంచాయతీలో చెప్పాం. జగ్గయ్యపేట వెళ్ళి ఆఫీసులో చెప్పాం. బోరింగు కొత్తదైతే అలాగే ఉంటదన్నారు. పిల్లలకి ఒంటి మీద పొక్కులు లేస్తున్నాయంటే వేపాకు రాయమన్నారు. ఇవాళ నీళ్ళు పచ్చగా ఉన్నాయని మీరంతా లేచి నిలబడ్డారు. తెల్లగా ఉన్నన్నాళ్ళూ ఒక్కళ్ళూ చూళ్ళేదు!"

దశరథరామయ్య మళ్ళీ కూర్చుండిపోయాడు. ఆ ఫిర్యాదు విని పక్కన పెట్టిన పంచాయతీ ఆయనదే.

వసుమతి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గుంటలో పోసింది ఏదైనా కొత్తపేట బోరింగులో తేల్తుంది. ఈ రంగు వచ్చింది గదా, అదే సాక్ష్యం. మరి ఈ చేదు కూడా అదే దారిన వచ్చి ఉండాలి." ఆమె వరప్రసాదరావు వైపు తిరిగింది. "మీ చుక్క ఒక్కటీ గుంటలో పడలేదన్నారు. ఒట్టు పెట్టి చెప్పగలరా?"

"మీ ముందు ఒట్లు పెట్టాల్సిన ఖర్మ నాకు లేదు," అన్నాడు వరప్రసాదరావు. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేముందు ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణాన్ని బడి ఆవరణలో ప్రతి ఒక్కరూ విన్నారు.

ప్రేమకుమారి సగం మిగిలిన గ్లాసు తీసి ఆయన ముందు పెట్టింది.

"మేడం తాగారు. మా పిల్లలు రోజూ తాగుతున్నారు. మీరు కూడా ఒక గుక్క తాగండి సార్. మీదేం కలవలేదన్నారుగా."

ఆయన గ్లాసు వైపు చూడలేదు. కుటుంబరావు వైపు చూసాడు. కుటుంబరావు గబగబా లేచి పటం చుట్టబోయాడు.

"మీటింగు అయిపోయింది. వసుమతీ, నువ్వు రేపట్నించి ఈ పనిలో లేవు. పటం, సామానూ నాకు అప్పగించి నందిగామ వచ్చెయ్. ఇది ఆర్డరు."

వసుమతి రెండు చేతులూ పటం మీద ఆనించింది.

"రేపట్నించి కదా సార్. ఇవాళ ఇంకా నాదే."

"నా మాట విను. ఉద్యోగం పోతుంది."

"పోనీండి. మీరే నేర్పారు నాకు, రాయి అబద్ధం చెప్పదని. నాతో మాత్రం ఎందుకు చెప్పించాలని చూస్తున్నారు?"

కుటుంబరావు చేతులు పటం మీంచి జారిపోయాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

వసుమతి సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసుకుంది. తడిసిన కాగితం మీదే, గుంట నుంచి పడమటికి, కొత్తపేట మిట్ట దాకా, మిట్ట దాటి అవతలి వాగు దాకా ఎర్రగా గీసుకుంటూ పోయింది. పెన్సిలు ముక్కు తడి కాగితంలో దిగబడి చిరుగు పడింది. ఆమె ఆగలేదు.

"గుంటకి తూర్పు వైపే నేను చూసా," అంది తల ఎత్తకుండా. "నీళ్ళు నిలిచేది అక్కడే కాబట్టి. పడమటి కొసన సర్కారు తుమ్మ మూసేసి ఉంది. అటు ఎవరన్నా వెళ్తారా?"

ప్రేమకుమారి చెప్పింది: "అటు మమ్మల్ని వెళ్ళనివ్వరు మేడం. కట్టెలకి పోతే తరిమేస్తున్నారు."

"ఎవరు?" అంది బసవమ్మ. "నా గుంటలోంచి మిమ్మల్ని తరమడానికి ఆళ్ళెవళ్ళు?"

ప్రేమకుమారి బసవమ్మ మొహం వైపు చూసింది. చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"మీరే వచ్చి చూడండి అమ్మగారూ," అంది.

* * *

డొంక పొడుగునా జనం నడిచారు. ఊరివాళ్ళూ పేటవాళ్ళూ కలిసిపోయి నడిచారు. వెనకాల వరప్రసాదరావు కారు ముందుకు పోలేక, పక్కకి తిరగలేక హారను మోగిస్తూనే ఉంది. ఒక్కరూ దారివ్వలేదు. అందరికంటే ముందు బసవమ్మ. ఆమె పక్కన వసుమతి, ప్రేమకుమారి.

ఎండ మాడుతోంది. వసుమతి నోట్లో చేదు ఇంకా పోలేదు. ఆ చేదుని పుక్కిలించి ఉమ్మెయ్యడానికి ఎవరో నీళ్ళ చెంబు అందించారు. ఆమె తీసుకోలేదు. పేట పిల్లలు పగలూ రాత్రీ నోట్లో ఉంచుకు తిరిగిన రుచి అది. గుంట దాకా తన నోట్లో కూడా ఉండాలనిపించింది.

పడమటి కొస దగ్గరపడుతుంటే చప్పుడు వినపడింది. ఇంజను చప్పుడు. సర్కారు తుమ్మ కొమ్మలు పక్కకి నరికి, లోపలికి బండి పోయేంత దారి చేసి ఉంది. నేల మీద చక్రాల గాట్లు పడి, వాటిలో ఊదారంగు బురద గడ్డకట్టి ఉంది. వసుమతి వంగి వేలితో ముట్టుకుంది. బోరింగు నీళ్ళలో వచ్చిన ఘాటే. ఇక్కడ పదింతలుగా ముక్కుకి కొట్టింది.

ఊరంతా మీటింగులో ఉండే వేళ చూసుకుని వచ్చినట్టున్నారు. తుమ్మలు దాటగానే కనపడింది. ట్రాక్టరు ఒకటి గుంట అంచు వైపు వెనక్కి నడుస్తోంది. దాని ట్రక్కు నిండా నల్లటి డ్రమ్ములు. నడుపుతున్న మనిషి ముక్కు మూసుకుపోయేలా మొహానికి తువ్వాలు చుట్టుకుని, తల వంచి పక్క చక్రం వైపే చూస్తూ స్టీరింగు తిప్పుతున్నాడు.

ట్రాక్టరు ఎవరిదో వసుమతికి చెప్పక్కర్లేదు. నిన్న సాయంత్రం బసవమ్మగారి వాకిట్లో నిలబెట్టి ఉండగా చూసింది.

"భవానీ!" అని పిలిచింది బసవమ్మ.

ఇంజను హోరులో ఆ పిలుపు పోయింది.

ఆమె రెండోసారి పిలవలేదు. మొహంలో ఏ కదలికా లేదు. వసుమతి చెయ్యి పట్టుకోబోయేలోపే విడిపించుకుని, చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, ఊదారంగు బురదలోకి దిగింది. ట్రక్కుకీ గుంట అంచుకీ మధ్య మిగిలిన కాస్త జాగాలోకి వెళ్ళి, డ్రమ్ములకి ఎదురుగా, గుంటకి వీపు పెట్టి నిలబడింది.

"పొయ్యరా! నా మీంచి పొయ్యి!"

"ఆపండి! వెనకాల మనిషుంది!" వసుమతి అరుస్తూ పరిగెత్తింది. ప్రేమకుమారి అరిచింది. వెనక జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

అంచున ఉన్న నాపరాయి పలక ఒకటి బసవమ్మ మడమ కింద కదిలి, ఊడి, గుంటలోకి జారిపోయింది. అది నీళ్ళలో పడిన చప్పుడు అందరికీ వినపడింది.

భవానీప్రసాద్ వెనక్కి తిరిగి చూడలేదు. ట్రక్కు వస్తూనే ఉంది.